కంపెనీ మారిందక్కా

మంగళవారం పొద్దున ఆరింటికి కాటా అక్క బరువు చూసుకుంది. యాభై నాలుగు కిలోల ఏడొందలు. డయాలసిస్ యూనిట్ తలుపు పక్కనున్న ఆ యంత్రం ఎక్కే ముందు ఆమె చెప్పులు విప్పుతుంది, చేతిసంచి కింద పెడుతుంది, అంకెలు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. వెనక ఎవరు తొందరపెట్టినా చెవిన వేసుకోదు. లారీలు తూచే కాటా దగ్గర పదహారేళ్ళుగా చీటీలు రాస్తున్న మనిషి. డ్రైవర్లు పెట్టిన పేరు ఎవరు మోసుకొచ్చారోగాని యూనిట్‌లో కూడా అందరికీ ఆమె కాటా అక్కే అయింది.

"యాభై రెండున్నరకి దించాలి. రెండు కిలోల రెండొందలు తియ్యి," అని తనే లెక్క చెప్పి కుర్చీలో వెనక్కి వాలింది.

"నువ్వుండగా మాకు లెక్కలెందుకక్కా," అన్నాడు టెక్నీషియన్.

అతను ఆమె ఎడమ చేతిని తన తొడమీద పెట్టుకుని, ఉబ్బిన నరం మీద రెండు వేళ్ళు ఆనించాడు. ఆపరేషన్ చేసి కలిపిన ఆ నరం లోపల గుర్రుమంటూ ఉంటుంది. ఎక్కడ గుచ్చాలో అతనికి చూపుతో పని లేదు, వేళ్ళకే తెలుసు. ఏదో ఒక జోకు మొదలుపెడతాడు, అది సగంలో ఉండగానే సూది దిగిపోతుంది, మిగతా సగం ప్లాస్టరు అంటిస్తూ చెబుతాడు. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు ఇదే వరస. అతను సెలవు పెట్టిన రోజున ఆమె చెయ్యి గునపం సిస్టర్ పాలబడుతుంది. ఆ పేరు రోగులు పెట్టిందే. సిస్టర్‌కీ తెలుసు, పట్టించుకోదు.

"నీ జోకులు పాతబడిపోయాయి తమ్ముడూ."

"జోకు పాతదైతేనేం, సూది కొత్తదే కదక్కా!"

పక్క కుర్చీలో ఉన్న రిటైర్డు మేష్టారు కూడా నవ్వాడు. యంత్రం తిరగడం మొదలైంది. కాటా అక్క కళ్ళు మూసుకుంది.

రక్తం ఫిల్టర్లో పేరుకుపోకుండా మొదట్లో ఒకసారి, తర్వాత గంటకోసారి హెపారిన్ అనే మందు ఇస్తారు. అరచేతిలో ఇమిడిపోయే గాజుసీసా అది, మొదటి మోతాదు నుంచి చివరిదాకా ఒకరికి అదే సీసాలోంచి తీస్తారు. మూడో గంట మొదలయ్యాక అతను దాన్ని పట్టుకుని వచ్చేసరికి ఆమెకి మెలకువ వచ్చింది. పాత లారీ కొత్త నంబరు పలక తగిలించుకుని కాటా ఎక్కినా గుర్తుపట్టే కళ్ళు ఆమెవి.

"అదేంటి, మూత నారింజ రంగులో ఉంది? ఎప్పుడూ నీలమే కదా?"

అతను తన చేతిలోని సీసా వైపు చూశాడు. తిప్పి, అంటించిన కాగితం మీద చిన్న అక్షరాలు చదివాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది గాని కళ్ళల్లోంచి దిగిపోయింది.

"కంపెనీ మారిందక్కా," అన్నాడు.

అప్పటికే సిరంజిలోకి తీసిన మందుని చెత్తడబ్బాలోకి చిమ్మేశాడు. సీసాని మాత్రం ట్రేలో పెట్టలేదు, జేబులో వేసుకున్నాడు. "ఈ గంటకి అక్కర్లేదులే. నీ రక్తం బాగానే పారుతోంది."

పదింటికి సూదులు తీశారు. మామూలుగా దూది పెట్టి పది నిమిషాలు నొక్కితే ఆగిపోతుంది. ఆవేళ దూది మీద దూది తడిసిపోయింది. అతనే ముక్కాలిపీట లాక్కుని కూర్చుని నలభై నిమిషాలు నొక్కి పట్టుకున్నాడు. ఇంకో కుర్చీ నుంచి పిలుపొస్తే వెళ్ళలేదు. ఆయాను పంపి టీ తెప్పించాడు. గునపం సిస్టర్ అటుగా వెళ్తూ ఆగింది.

"ఇంకా ఆగలేదా? డాక్టరుగారికి చెప్పావా?"

"ఆగిపోయింది సిస్టర్. నేను చూసుకుంటాగా."

సిస్టర్ ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది. అతను వంగి, గొంతు తగ్గించాడు. "ఏదన్నా తేడాగా ఉంటే నాకే ఫోన్ చెయ్యక్కా. ఇంకెవరికీ వద్దు. కింద ఎమర్జెన్సీకి వెళ్ళావంటే ఊరికే పడుకోబెట్టి ఒళ్ళంతా గుచ్చుతారు."

కాటా అక్క రెండో చేత్తో అతని భుజం తట్టింది. సొంత తమ్ముడుంటే ఇంతకన్నా చూస్తాడా అనుకుంది. వెళ్ళేముందు మళ్ళీ యంత్రం ఎక్కింది. యాభై రెండు కిలోల నాలుగొందలు.

కాటా గది అంటే అగ్గిపెట్టె. ఒక కిటికీ, అంకెలు చూపే తెర, చీటీలు కొట్టే మిషను. బయట ఇనుప పలక మీదికి లారీ ఎక్కాలి, డ్రైవరు దిగాలి, క్లీనరు దిగాలి, అప్పుడే ఆమె మీట నొక్కుతుంది. పన్నెండు దాటాక ఇటుకల లారీ ఒకటి ఎక్కింది. డ్రైవరు దిగకుండా కిటికీలోంచి బతిమాలుతున్నాడు. దిగమని చెప్పడానికి ఆమె కుర్చీలోంచి లేవబోయి ఆగిపోయింది. ఎడమవైపు నడుము లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు పట్టేసింది. నొప్పి గజ్జల్లోంచి తొడలోకి పాకింది.

కూర్చుని కూర్చుని అయ్యుంటుందనుకుంది. ఇంకో మూడు లారీలు తూచింది. నాలుగోదాని అంకెలు తెరమీద రెండురెండుగా కనబడ్డాయి. అప్పుడు ఫోన్ తీసింది.

మొదటి మోతకే ఎత్తాడు. "ఎక్కడున్నావక్కా? ఒక్కదానివేనా?"

"పనిలోనే ఉన్నా. నడుం పట్టేసింది తమ్ముడూ, ఎడమపక్క. కాలు చాపలేకపోతున్నా."

"కండరం పట్టుంటుంది. నాలుగ్గంటలు కదలకుండా పడుకుంటే పట్టదా మరి? వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకో."

"కళ్ళు కూడా తిరుగుతున్నాయి."

"నీరు ఓ చుక్క ఎక్కువ తీసుంటాం. కొంచెం ఉప్పు నీళ్ళు తాగు. సాయంత్రం నేనే చేస్తా ఫోను. ఎక్కడికీ వెళ్ళకు."

వెనకాల సిస్టర్ గొంతు వినబడింది, "ఎవరు?" అని. "ఎవరూ కాదు, మా ఇంట్లోవాళ్ళు," అన్నాడతను. ఆ నొప్పిలో కూడా ఆ మాట ఆమెకి హాయిగా అనిపించింది. పెట్టేసిన ఫోన్‌ని చేతిలోనే పట్టుకుని, చీటీల కట్ట తలకింద పెట్టుకుని నేలమీద పడుకుంది.

రెండింటికి వదిన భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. డయాలసిస్ రోజున మరదలికి వంట చేసే ఓపిక ఉండదని వదినే తెస్తుంది. అన్న పోయాక ఈ ఇద్దరే ఒక ఇంట్లో మిగిలారు, ఒకరినొకరు దెప్పుకుంటూ.

"ఏమ్మా, కాటా గాలికొదిలేసి కునుకు తీస్తున్నావా? బయట లారీవాళ్ళు హారన్లు కొట్టి చస్తున్నారు," అంటూ లోపలికి వచ్చి, మాట అక్కడే మింగేసింది. మరదలి మొహం సిమెంటు రంగులో ఉంది. ఎడమ మోకాలు పొట్టవైపు ముడుచుకుని ఉంది. చాపబోతే కీచుమని అరిచింది.

"తమ్ముడు పడుకోమన్నాడు వదినా. కండరం పట్టిందిట."

"నీ తమ్ముడి సంగతి తర్వాత చూద్దాం. ముందు లే."

"ఎక్కడికీ వెళ్ళొద్దన్నాడు."

"వాడెవడే వద్దనడానికి!" అని వదిన ఒంటికాలి మీద లేచింది. బయటికి వెళ్ళి, పలక మీదున్న లారీ డ్రైవర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అతను కాటా అక్కని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి ముందుసీట్లో పడుకోబెట్టాడు. సగం ఇసుకతో ఉన్న లారీ తూకం లేకుండానే ఆసుపత్రి దారి పట్టింది.

ఎమర్జెన్సీలో బీపీ చూస్తే ఎనభై. పక్క మంచం దగ్గరున్న సీనియర్ డాక్టరు తల తిప్పకుండానే అడిగాడు. "డయాలసిస్ కేసా? నీరెక్కువ లాగుంటారు. ఒక సెలైన్ పెట్టి పంపించెయ్."

ఆ మాట ఆయన ఒక డాక్టరమ్మతో అన్నాడు. ఆమెకి ముప్ఫై ఉంటాయో ఉండవో. జుట్టు పెన్నుతో ముడేసుకుంది. సెలైన్ పెట్టించింది. బీపీ తొంభైకి ఎక్కింది, పది నిమిషాల్లో డెబ్భై ఐదుకి జారింది. స్కానింగ్ మిషను తెచ్చి పొట్టమీద నలువైపులా తిప్పింది. ఏమీ కనబడలేదు. నొప్పి ఎక్కడని అడిగితే కాటా అక్క నడుము చూపించింది. కాలు చాపమంటే చాపలేకపోయింది. డాక్టరమ్మ పెన్ను తీసి మళ్ళీ ముడేసుకుంది.

"నీరెక్కువ తీసేసినట్టున్నారమ్మా, అందుకే..."

"తియ్యలేదు," అంది కాటా అక్క. నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా అంకెలు అంకెలే. "దిగేటప్పుడు యాభై రెండు నాలుగొందలున్నాను. నేనుండాల్సింది యాభై రెండున్నర. నూరు గ్రాములే తేడా. కావాలంటే ఇప్పుడు తూచండి."

"దానికీ దీనికీ..."

"నీరు పోతే బరువు తగ్గాలి కదా డాక్టరమ్మా. ఒక్కోసారి లారీ పక్కకి ఒరిగి వస్తుంది. కాటా మీద చూస్తే బరువు సరిగ్గానే ఉంటుంది. సరుకెక్కడికీ పోలేదు, లోపలే కట్లు తెంచుకుని ఒక మూలకి జారిందన్నమాట."

డాక్టరమ్మ ఆమె వైపు రెప్పవేయకుండా చూసింది. మంచంతో సహా తూచే యంత్రం తెప్పించింది. ఎక్కించిన సెలైన్ బరువు తీసేస్తే యాభై రెండు నాలుగొందలు. బరువు చెక్కుచెదరలేదు, బీపీ డెబ్భై.

అప్పుడే రక్తపరీక్ష వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరున్నర. "వీళ్ళకెప్పుడూ తక్కువే ఉంటుంది," అన్నాడు సీనియర్. డాక్టరమ్మ కంప్యూటర్లో పాత రిపోర్టు వెతికింది. పోయిన వారం పదీ పాయింటు రెండు.

"వారంలో నాలుగు పాయింట్లు తగ్గదు సార్. లోపల పోతోంది," అని ఆయన జవాబు కోసం ఆగకుండా మంచం బ్రేకులు తనే తీసి సీటీ గదివైపు తోసింది.

సీటీలో కనబడింది. కడుపు వెనక, వెన్నెముకని ఆనుకుని ఉండే కండరంలో రెండు అరచేతుల వెడల్పున రక్తం పేరుకుని ఉంది. పై నుంచి మిషను తిప్పితే కనబడని చోటు. సీనియర్ ఈసారి పక్క మంచం వదిలి వచ్చాడు.

రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. చుక్కచుక్కగా దిగేదాకా ఆగే వీల్లేదు, డాక్టరమ్మ సంచిని రెండు చేతులతో పిండుతోంది. చేతులు ఖాళీ లేక, యూనిట్‌కి కలిపిన ఫోన్‌ని మంచం మీద పెట్టి స్పీకరు ఆన్ చెయ్యమని వదినకి చెప్పింది. డయాలసిస్ యూనిట్ ఉన్నది అదే ఆసుపత్రిలో, రెండంతస్తుల పైన.

"పొద్దున ఈ పేషెంటుకి హెపారిన్ ఎంతిచ్చారు?"

"ఎప్పటిలాగే డాక్టర్, మొదట రెండు వేల యూనిట్లు. చార్టులో రాసే ఉంది." తమ్ముడి గొంతే. కాటా అక్క తల అటు తిప్పింది. "ఏమైంది డాక్టర్?"

"లోపల బ్లీడింగ్ అయింది."

ఫోన్లో కాస్త గరగర. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "ఒక్క సంగతి చెప్పాలి డాక్టర్. ఆవిడ మోకాలి నొప్పికని మాత్రలు మింగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు వద్దన్నా వినే రకం కాదు. కొంప ముంచింది అవే అయ్యుంటాయి."

వదిన మంచం మీదికి వంగింది. "మాత్రలేంటే?"

అవి రెండే మాత్రలు. ఆరు నెలల కింద, మోకాలు వాచి కాటా గది మెట్టు ఎక్కలేకపోయిన రోజుల్లో మింగినవి. కిడ్నీ పాడైనవాళ్ళు అవి ముట్టకూడదు. వదినకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుందని, ఒకరోజు సూది గుచ్చుతుంటే గుసగుసగా అతనొక్కడికే చెప్పింది. 'నా కడుపులో ఉంటుందక్కా,' అన్నాడు.

ఆవిడ. వినే రకం కాదు.

"రెండే వేసుకున్నాను. ఆర్నెల్లయింది," అంది కాటా అక్క, ఎవరి మొహంలోకీ చూడకుండా.

"ఆర్నెల్ల కింద మింగిన మాత్రలకి ఇవాళ రక్తం పోదు," అంది డాక్టరమ్మ. మంచం పక్కన పెట్టిన గాజుగొట్టం తీసి దీపానికి ఎదురుగా వంచింది. ముప్పావుగంట కింద తీసిన రక్తం అందులో ఇంకా నీళ్ళలా అటూ ఇటూ జారుతోంది. "ఇది ఈపాటికి ముద్దకట్టాలి. ఇంత పల్చగా ఉందంటే మందు చాలా పడింది. అమ్మా, మీకిచ్చిన సీసా చూశారా? గుర్తుందా?"

గుర్తుంది. చెబితే ఏమవుతుందో కూడా కాటా అక్కకి తెలుసు. అతని భార్య, పాలు మరవని పిల్ల, ఫోన్లో చూపించిన ఫొటోలు. నోరు తెరవబోయి మూసుకుంది. బహుశా తనే పొరపడిందేమో, నిద్రమత్తులో రంగు సరిగ్గా చూడలేదేమో అని తనకి తనే చెప్పుకోబోయింది.

కాని మనసు ఊరుకోలేదు. సీసా జేబులోకి ఎందుకు పోయింది? డాక్టరుకి చెప్పావా అంటే ఆగిపోయిందని ఎందుకన్నాడు? నలభై నిమిషాలు. టీ. ఇంకెవరికీ ఫోన్ చెయ్యొద్దన్న మాట. ఎక్కడున్నావక్కా, ఒక్కదానివేనా? ఒక్కొక్కటే తిరగేసింది. పొద్దుటినుంచి అతను కనిపెట్టుకుని కూర్చున్నది తనని కాదు.

"మూత నారింజ రంగు," అంది. "ఎప్పుడూ నీలం. నేనడిగాను కూడా. కంపెనీ మారిందన్నాడు."

డాక్టరమ్మ సంచి పిండడం ఆపకుండానే ఎమర్జెన్సీ నర్సుని కేకేసింది. "సిస్టర్! నారింజ మూత ఆపరేషన్ థియేటర్లో వాడేది. ఐదింతల బలం. విరుగుడు తీసుకురండి, ఇప్పుడే. పరిగెత్తండి."

విరుగుడు ఫ్రిజ్‌లోనే ఉంది. నిమిషంలో వచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఎక్కించారు. సాయంత్రం ఆరింటికి బీపీ నూటపది. మళ్ళీ తీసిన రక్తం గొట్టంలో ముద్దకట్టింది. డాక్టరమ్మ దాన్ని తెచ్చి వదినకి చూపించింది. వదిన ఆ గొట్టాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

గురువారం డయాలసిస్ ఐసీయూలోనే, మెడ దగ్గర గొట్టం వేసి, ఆ మందు చుక్క కూడా వాడకుండా చేశారు. శుక్రవారం వార్డుకి మార్చారు. మధ్యాహ్నం వదిన రొట్టె కొనుక్కురావడానికి కిందికి వెళ్ళిన సమయం చూసుకుని అతను వచ్చాడు. గడ్డం మాసి ఉంది. మంచం పక్కన నిలబడి, అలవాటుగా ఆమె ఎడమ చేతి నరం మీద రెండు వేళ్ళు పెట్టాడు.

"పనిచేస్తోందక్కా. బీపీ అంత పడితే ఇది మూసుకుపోతుందని భయపడి చచ్చాను."

ఆమె చెయ్యి లాక్కోలేదు. ఆ వేళ్ళ వంకే చూస్తూ ఉంది.

"ఎంక్వయిరీ వేశారక్కా. స్టోరువాళ్ళు తప్పుడు సీసాలు పంపారు. చదవకుండా వాడేశాను, నిజమే. రేపు నిన్నడుగుతారు. రంగు సరిగ్గా గుర్తులేదను. ఒక్క మాట. బీపీ తగ్గితే ఎవరికైనా అన్నీ కలగాపులగంగా గుర్తుంటాయి, ఎవరూ తప్పుపట్టరు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏదక్కా?"

"తప్పు సీసా అని నీకెప్పుడు తెలిసింది?"

అతను నేల చూపులు చూశాడు. "నువ్వడిగినప్పుడే."

"అప్పటికి నేనింకా కుర్చీలోనే ఉన్నాను. నన్ను చూసి నవ్వావు."

"ఏం చెయ్యాలో తోచలేదక్కా. చెబితే ఉద్యోగం పోతుంది."

"విరుగుడుందిట కదా. రెండంతస్తులు కింద, ఫ్రిజ్‌లో."

అతను ఆమె చేతిమీంచి వేళ్ళు తీసేశాడు.

"మరి నేను పోతే?"

"పోవనుకున్నానక్కా," అన్నాడతను. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఓదారుస్తుందని ఎదురుచూసినట్టు తలెత్తాడు. "చాలామందికి ఏమీ అవదు. సాయంత్రానికి ఒంట్లోంచి పోతుంది మందు. నొప్పి అని నువ్వు ఫోన్ చేసినప్పుడు... నాకు చేతులాడలేదు. చెప్పాలనే అనుకున్నా. సిస్టర్ పక్కనే ఉంది."

"మాత్రల సంగతి చెప్పడానికి మాత్రం చేతులాడాయి."

రొట్టె పొట్లంతో వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. ఎప్పుడూ గొంతు చించుకునే మనిషి ఊరికే పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను వెళ్ళిపోయాడు. కాటా అక్క దుప్పటి కొసతో ఎడమ చేతిని ఆ చోట తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

శనివారం యూనిట్ పెద్ద డాక్టరు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు. టైపు చేసిన కాగితం ఒకటి అట్టమీద పెట్టి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. "లాంఛనమే. ఇక్కడొక చిన్న సంతకం."

కాటా అక్క చదివింది. రోగి వైద్యుల సలహాకి విరుద్ధంగా నొప్పి మాత్రలు వాడుతున్నట్టు అంగీకరించినదనీ, సీసా విషయం స్పష్టంగా జ్ఞాపకం లేదనీ అందులో ఉంది.

"ఇది నేను చెప్పింది కాదు కదండీ."

"సారాంశం రాశారంతే. ఒక కుటుంబం రోడ్డున పడుతుంది చూడండి. మీకూ మళ్ళీ మా దగ్గరికే కదా రావాలి, వారానికి మూడుసార్లు." చాలా మెత్తగా అన్నాడు. ఆ మాట నిజమే. ఇంకో యూనిట్‌కి వెళ్ళాలంటే బస్సులో మూడు గంటలు, అక్కడ ఖాళీ కుర్చీ లేదు. "ఎమర్జెన్సీ అమ్మాయి కూడా కేసు షీటులో ఏదేదో రాసింది. మార్చమంటే మొండికేస్తోంది. చిన్నపిల్ల."

కాటా అక్క పెన్ను పట్టుకుంది. పెద్ద డాక్టరు మొహం తేటపడింది.

"పలక మీద లారీ లేకుండా చీటీ మీద నేను సంతకం పెట్టను డాక్టరుగారూ. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా పెట్టలేదు," అంది. కాగితాన్ని వెనక్కి తిప్పింది. కుడిచేతికి సెలైన్ గొట్టం ఉంది. వదిన అట్ట కదలకుండా పట్టుకుంది. అక్షరాలు గొలుసుకట్టుగా, పక్కలకి వాలిపోతూ పడ్డాయి. 'మంగళవారం నాకిచ్చిన సీసా మూత నారింజ రంగు. నా కళ్ళతో చూశాను. అడిగితే కంపెనీ మారిందని చెప్పాడు. నొప్పి మాత్రలు రెండు, ఆరు నెలల కింద వేసుకున్నాను. అదీ నిజమే.' కింద సంతకం, తేదీ, టైము.

పెద్ద డాక్టరు చెయ్యి చాపేలోగా వదిన తన ఫోన్‌తో దానికి ఫొటో తీసింది.

ఆ తర్వాతి మంగళవారం కాటా అక్క యూనిట్‌కి వచ్చింది. బరువు చూసుకుంది. యాభై నాలుగు మూడొందలు. వదిన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రానివ్వరని బయట బల్లమీద కూర్చుంది.

అతన్ని తీసెయ్యలేదు. మనుషులు చాలట్లేదట. రెండు నెలలపాటు కుర్చీల దగ్గరికి రాకుండా, అద్దాల అవతల ఫిల్టర్లు కడిగే గదిలో వేశారు. రబ్బరు తొడుగులు వేసుకుని, తల వంచుకుని నీళ్ళ పంపు కింద ఏదో కడుగుతున్నాడు. తమ తమ కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఆమెని చూసి పలకరింపుగా తలలూపారు. ఎప్పుడూ ఉండే కబుర్లు లేవు. ఆమె కూర్చున్నాక మేష్టారు గొంతు సవరించుకున్నాడు.

"బాగున్నావామ్మా? మేమంతా కంగారుపడ్డాం. ఏదేమైనా కుర్రాడు మంచివాడమ్మా. ఆ రోజు నలభై నిమిషాలు నీ చెయ్యి వదల్లేదు, నేను చూశాను. అంత రాసి ఇవ్వాల్సింది కాదేమో. పొరపాటు ఎవరు చెయ్యరు?"

చుట్టూ ఉన్న కుర్చీల్లో ఎవరూ కాదనలేదు. వాళ్ళందరి చేతుల్లోనూ సూదులు గుచ్చింది అతనే. జవాబు చెప్పాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. ఆమె నొచ్చుకున్నది పొరపాటుకి కాదు, కంపెనీ మారిందన్న మాటకి.

గునపం సిస్టర్ ట్రే తెచ్చింది. మందు సీసా ఎత్తి, అడక్కుండానే పేరూ బలమూ పైకి చదివి, ఆమెకి చూపించింది. తర్వాత చెయ్యి తీసుకుంది. సిస్టర్ వేళ్ళు మొద్దుగా, పొడిగా ఉన్నాయి. నరాన్ని అటూ ఇటూ తడిమి గుచ్చింది. సూది పక్కకి పోయింది. చర్మం కింద గోళీకాయంత పొంగింది. తీసి, నొక్కి, ఆగి, ఇంకాస్త పైన గుచ్చింది. అదీ దిగలేదు. కాటా అక్క నుదుటి మీద చెమట పట్టింది.

"ఇన్నాళ్ళూ ఎక్కువగా అతనే గుచ్చాడు. నీ నరం నాకు అంతు చిక్కట్లేదు," అంది సిస్టర్, మొహమాటం లేకుండా. "ఇంకోసారి తప్పితే చెయ్యి వాచిపోతుంది. పిలవనా అతన్ని? ఒక్క నిమిషం పని."

ఆమె ఔనూ కాదూ అనేలోపే మేష్టారు అద్దం వైపు చెయ్యి ఊపాడు. అతను తొడుగులు విప్పి, చేతులు తుడుచుకుంటూ వచ్చేశాడు. కుర్చీల్లోని తలలన్నీ ఇటు తిరిగాయి. కొందరి మొహాల్లో అమ్మయ్య అన్నట్టు వెలుగు కూడా కనబడింది. అతను కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొత్త సూది తీసుకున్నాడు.

"అక్కా, ఒక్క నిమిషం ఓర్చుకో. ఒకాయన లారీ కొన్నాట్ట..."

కాటా అక్క చెయ్యి లాక్కుని గుండెలకి ఆనించుకుంది.

"మీరు వెళ్ళండి," అంది.

ఆ మాట తననేనా అన్నట్టు అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"అక్కా..."

"మీరు వెళ్ళి మీ పని చూసుకోండి."

గొంతు పెంచలేదు. కాటా గది కిటికీలోంచి కొత్త డ్రైవర్లతో మాట్లాడే గొంతు అది. అతను సూదిని ట్రేలో పెట్టాడు, లేచాడు. అద్దాల గదిలోకి నడిచాడు. మేష్టారు మొహం అటు తిప్పుకున్నాడు.

ఆమె చెయ్యి చాపి సిస్టర్ ముందు పెట్టింది. గుచ్చిన రెండు చోట్లా అప్పుడే కమిలి నీలంగా మారుతున్నాయి.

"కానివ్వండి సిస్టర్."

"మళ్ళీ తప్పితేనో?"

"మళ్ళీ గుచ్చండి."

సిస్టర్ ఈసారి తొందరపడలేదు. కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, వేలు పెట్టి చాలాసేపు వెతికింది. కాటా అక్క తువ్వాలు కొస పళ్ళమధ్య పెట్టుకుంది. సూది చర్మాన్ని చీల్చుకుని, ఆగి, ఇంకా లోతుకి వెళ్ళింది. గొట్టంలోకి ఎర్రగా ఉబికింది.

"దిగింది," అంది సిస్టర్ ఊపిరి వదులుతూ. ప్లాస్టరు అంటిస్తూ తలెత్తి చూస్తే కాటా అక్క చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

"బాగా నొప్పెట్టిందామ్మా?"

"పెట్టింది," అంది కాటా అక్క.